మంచం మీద బెల్లం

సింధూరి కళ్లు మూసుకుని వాన గురించి బట్టీ పడుతోంది. కిటికీ బయట నిజం వాన మొదలైంది.

"అమ్మాయ్, కిటికీ వెయ్యి! బెల్లానికి చెమ్మ తగులుద్ది!" కింద నుంచి బసవపున్నయ్య తాతయ్య కేక.

వాళ్లది వన్ టౌన్‌లో బెల్లం కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. వానకి బెల్లం నీరుకారిపోతుంది. అందుకని తాతయ్య దిమ్మల్ని పైకి మోసుకొచ్చి, సింధూరి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పుతాడు. ఆ రోజుల్లో సింధూరి చాప మీద, బెల్లం మంచం మీద. ఎవరి హోదా వాళ్లది.

"నాకు పరీక్షుంది తాతయ్యా! డిస్టర్బ్ చెయ్యకు."

స్కూల్లో ఎనిమిదో తరగతికి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ రైటింగ్ పరీక్ష. ఫస్టు వచ్చినవాళ్లే స్కూల్ పత్రికకి ఎడిటర్. 'ఎడిటర్: సింధూరి' అని ఆమె కలలో చాలాసార్లు అచ్చు వేసేసింది కూడా.

ఆమె బట్టీ పట్టే పరీక్ష గైడులో వాన వేరేగా ఉంటుంది. గదిలో చలిమంట, మెత్తటి కుర్చీలో పైపు తాగే తాతయ్య. ఆ ఇంట్లో చీమలుండవు. సింధూరికి ఆ ఇల్లు భలే నచ్చింది.

ప్రాక్టీస్ పరీక్షలో 'మా ఇంట్లో వానరోజు' అనే ప్రశ్నే వచ్చింది. సింధూరి పెన్ను ఎక్కడా ఆగలేదు.

మర్నాడు శాలిని మేడమ్ పేపర్లు తెచ్చి అడిగింది. "సింధూరీ, మీ తాతయ్యగారు పైపు తాగుతారా?"

"తా... తాగుతారు మేడమ్."

"హర్షవర్ధన్, మీ తాతయ్య?"

"తాగుతారు మేడమ్."

"చక్రీ?"

"మా తాతయ్య పోయారు మేడమ్. అంతకుముందు తాగేవారేమో."

క్లాసంతా ఘొల్లుమంది. "సగం క్లాసుకి ఒకడే తాతయ్య. పాపం, ఎన్ని ఇళ్లలోనని కూర్చుంటాడు!" అంది మేడమ్. మార్కులు మాత్రం వాళ్లెవరికీ వెయ్యలేదు.

సాయంత్రం సింధూరి ఇంటికొచ్చేసరికి తాతయ్య ముఖం వెలిగిపోతోంది. పరీక్షలో ఆయన గురించి రాసిందని హర్షవర్ధన్ దారిలో చెప్పేసి వెళ్లాడట.

"మా మనవరాలు నా మీద ఇంగ్లీషులో రాసిందండీ!" అని కొనడానికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు. "ఏం రాశావే? తెలుగులో చెప్పు."

"నువ్వు... మెత్తటి కుర్చీలో కూర్చున్నావని."

"నేనా? కుర్చీలో ఎప్పుడు కూర్చున్నానే?"

అంతలో మళ్లీ వాన. తాతయ్య దిమ్మ ఎత్తుకుని మెట్లెక్కాడు. ఈసారి సింధూరి చూస్తూ నిలబడింది.

దుప్పటి కింద బెల్లం ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది. గదంతా తియ్యటి వాసన. వీధిలో నీళ్లు పారుతుంటే, ఇల్లే పడవై మెల్లగా కదిలిపోతున్నట్టుంది. ఆ పడవకి కట్టిన తాడులా, గోడ మీద చీమలు వరసగా పాకుతున్నాయి. తాతయ్య చొక్కా భుజం దగ్గర జిగురుగా తడిసిపోయింది. మెట్టు మెట్టుకీ ఆగి, "ఇదిగో వచ్చేశాం," అని బెల్లంతోనే చెబుతున్నాడు.

అసలు పరీక్ష రోజు ప్రశ్న: 'మా ఇంటికొచ్చిన అతిథి.'

గైడులో లండన్ నుంచి చాక్లెట్లు తెచ్చే మావయ్య ఉన్నాడు. అతను వెంటనే పెన్ను చివరికి వచ్చి నిలబడ్డాడు. సింధూరి మొదటి వాక్యం రాసేసింది. పక్క బెంచీల వైపు చూసింది. అందరూ చకచకా రాసేస్తున్నారు. మావయ్యకి ఇవాళ చాలా ఇళ్లున్నాయి.

ఆమె ఆ వాక్యం కొట్టేసింది. చాలాసేపు కిటికీలోంచి మబ్బుల్ని చూసింది. తర్వాత, తన మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకునే అతిథి గురించి రాయడం మొదలుపెట్టింది. కొన్ని మాటలకి ఇంగ్లీషు దొరకలేదు. చిన్న చిన్న మాటలతో సర్దుకుంది.

"ఈసారన్నా నన్ను కుర్చీలోంచి లేపి నిలబెట్టావా?" ఇంటికి రాగానే తాతయ్య అడిగాడు.

"నిలబెట్టా. దిమ్మలు మోయించాను కూడా."

"హమ్మయ్య! ఇప్పుడది నేనేనే!"

ఫస్టు వస్తుందో రాదో సింధూరికి తెలీదు. బయట మబ్బు పట్టింది. తాతయ్య కేక వెయ్యకముందే ఆమె కిటికీ మూసి, మంచం ఖాళీ చేసి, దుప్పటి దులిపి, దిమ్మ అందుకోవడానికి కిందికి దిగింది.