పలకకుండా సాగిన ఓడ

తూర్పు సముద్రం ఒడ్డున ఉన్న మౌక్తికపురంలో ఒకనాటి ఉదయం బావులన్నీ ఉప్పెక్కాయి. కోటలోని తల్లిబావి అడుగున తరతరాలుగా వెలుగుతూ వచ్చిన స్వాదుమణిని క్షారాక్షుడనే సముద్ర రాక్షసుడు నీళ్లలో నుంచే చెయ్యి చాచి ఎత్తుకుపోయాడు. ఆ మణి ఉన్నన్నాళ్లే ఆ రాజ్యానికి మంచినీళ్లు. పైర్లు మాడిపోయాయి. చంటిపిల్లలకు పట్టే గుక్కెడు నీళ్ల కోసం జనం కొండల అవతలికి నడిచి వెళ్లసాగారు.

రాజు రత్నకేతుడి కొడుకు శ్రుతసేనుడు మణిని తెస్తానని ఓడ ఎక్కాడు. చెల్లెలు కువలయ తానూ వస్తానని పట్టుబట్టినా అతను ఒప్పుకోలేదు. ఆ కోపంతో ఆమె అన్నను సాగనంపడానికి రేవుకు కూడా వెళ్లలేదు. నెలలు గడిచినా అతను తిరిగి రాలేదు. రాజు దిగులుతో మంచం పట్టాడు. అప్పుడు కువలయ తండ్రి పాదాలకు మొక్కి, ఓడ నడపడంలో తల పండిన సరంగు నూకన్నను తోడు తీసుకుని బయలుదేరింది.

దారిలో ఒక రాతిదిబ్బ మీద మత్స్యపాదుడనే ముని తపస్సు చేసుకుంటున్నాడు. కువలయ ఆయనకు నమస్కరించి, వచ్చిన పని చెప్పింది.

"ముందు నీకు తెల్లమంచు అడ్డొస్తుంది. అందులో నుంచి గొంతులు పిలుస్తాయి. నీవు పలికితే ఓడ అక్కడే ఆగిపోతుంది. పలికిన ఓడ ఏదీ తిరిగి రావడం నేను చూడలేదు," అన్నాడు ముని.

మర్నాటికి మంచు కమ్ముకుంది. చాచిన చెయ్యి కనిపించనంత దట్టమైన మంచు. దూరాన ఎవరెవరో పిలుస్తున్నారు. నావికులు చెవులకు గుడ్డలు కట్టుకుని తెడ్లు వేశారు. అంతలో బాగా దగ్గరగా, నీటి మీద నుంచి ఒక కేక వినిపించింది.

"కువలయా, నేను. ఇక్కడున్నాను."

నూకన్న చెయ్యి చుక్కాని మీద ఆగిపోయింది. "యువరాజుగారి గొంతే తల్లీ అది. తెరచాప దించీమంటావా?" అన్నాడు.

కువలయ గొంతు వచ్చిన వైపు తిరిగింది. తాను ఆగిపోతే రాజ్యమంతా దాహంతో చస్తుందనుకుంది. అదంతా రాక్షసమాయ అని తనకు తాను చెప్పుకుంది. చుక్కాని మీద నూకన్న చేతిని గట్టిగా పట్టుకుని, ముందుకే పోనిమ్మని సైగ చేసింది. ఆ గొంతు కొంతదూరం ఓడ వెంటే వచ్చింది. తరవాత ఆగిపోయింది.

మంచు దాటాక ఒక సుడిగుండం ఓడను ఆకులా తిప్పింది. నూకన్న దానికి ఎదురీదకుండా, సుడి వాలులోనే పోనిచ్చి ఒడుపుగా అంచు నుంచి తప్పించాడు. ఆపైన క్షారాక్షుడి దీవి కనిపించింది.

కొండంత రాక్షసుడు నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అతని పెదవులు ఎండి చీలిపోయాయి. గుప్పిట్లో మణి వెలుగుతోంది. కువలయ కత్తి దూయబోయి ఆగింది. మణి చేతిలో ఉండి కూడా ఎందుకు దాహంగా ఉన్నావని అడిగింది.

మణిని నేలలో పాతితేనే నీరు ఊరుతుందనీ, పొడినేల మీద అడుగు పెడితే తన కాళ్లు ఉప్పులా కరిగిపోతాయనీ క్షారాక్షుడు చెప్పాడు. పుట్టినది మొదలు అతను మంచినీటి రుచి ఎరగడు.

కువలయ తనవాళ్లతో దీవి మీద బావి తవ్వించింది. రాక్షసుడు మణిని గోటితో రెండుగా చీల్చి ఒక సగం ఇచ్చాడు. దాన్ని అడుగున ఉంచగానే తియ్యటి నీరు ఉబికి వచ్చింది. నావికులు కాలువ తీసి ఆ నీటిని అతని నోటికి అందించారు. అతను కడుపారా తాగి, మిగిలిన సగం ఆమె చేతిలో పెట్టాడు.

"నీ పోలికలవాడొకడు ముందే వచ్చి నాతో యుద్ధం చేశాడు. అతని ఓడను మంచులోకి విసిరేశాను. ఆ మంచు నా ఊపిరే," అన్నాడు.

"అయితే ఆ గొంతు?"

"అతనిదే. పలికితే ఓడ ఆగుతుంది. పిలిచినవాడు ఎక్కగానే కదులుతుంది. ఇంతవరకు ఎవరూ పలకలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ మంచులో ఆశ ఉన్నంతకాలం వయసు రాదు. కానీ అయినవాళ్లు విని కూడా పలక్కుండా పోతే, ఆ పూటే ముసలితనం వచ్చేస్తుంది."

కువలయ వెంటనే ఓడను వెనక్కి తిప్పించింది. తిరుగు ప్రయాణంలో మంచు అంచు తగలగానే తానే తెరచాప దింపించి, "అన్నయ్యా" అని పిలవడం మొదలుపెట్టింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. చివరికి ఎక్కడో నీరసంగా ఒక మూలుగు వినిపించింది. ఆమె పలికింది. ఓడ రాయిలా నిలిచిపోయింది.

విరిగిన ఓడ చెక్క పట్టుకుని ఒక వృద్ధుడు తేలుతూ వచ్చాడు. జుట్టంతా తెల్లబడి, నడుము వంగిపోయి ఉంది. కువలయ అతన్ని పైకి లాగి, తడిసిన పాదాల దగ్గర కూలబడింది.

"ఆ రోజు విన్నాను అన్నయ్యా. విని కూడా పలకలేదు."

శ్రుతసేనుడు ఆమె తల నిమిరాడు. "నీ ఓడ అని తెలిసే పిలిచాను. కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదమ్మా," అన్నాడు.

ఓడ కదిలింది. వినిపించిన ప్రతి పిలుపుకూ కువలయ పలికింది. అన్న వెంట వెళ్లిన నావికులు, ఏనాడో తప్పిపోయిన వర్తకులు ఒక్కొక్కరే ఎక్కారు. ఓడ నిండిపోయింది.

మౌక్తికపురం బావుల్లో మళ్లీ తియ్యని నీరు ఊరింది. తనకంటే ముసలివాడైన కొడుకును కౌగిలించుకుని రాజు చాలాసేపు ఏడ్చాడు. రాజ్యభారం మోసే సత్తువ తనకు లేదని శ్రుతసేనుడే చెల్లెలికి పట్టం కట్టించాడు. కువలయ చల్లగా ఏలింది. సముద్రంలో ఎవరు పిలిచినా ఓడ ఆపి పలకాలని శాసనం చేసింది.

పరదేశాల రాయబారులు కొలువుకు వచ్చినప్పుడు, పక్క ఆసనంలో కూర్చున్న వృద్ధుడు రాణిగారి తాతగారా అని మర్యాదగా అడిగేవారు. మంత్రులు మాట మార్చబోయేవారు. కువలయ వారిని వారించి, "మా అన్నయ్య. నాకంటే మూడేళ్లే పెద్ద," అని, ఎలా జరిగిందో ఏదీ దాచకుండా మొదటి నుంచీ చెప్పేది.