జేబులో మడతకత్తి

దబ్!

తల దేనికో గుద్దుకుంటుంది.

మొగులప్ప కళ్లు తెరుస్తాడు. చీకటి. ముఖం మీద ఊలు. ముక్కు నిండా గొర్రెల వాసన.

ఆ వాసన కొత్తది కాదు. చిన్నప్పటి నుంచి అందులోనే పడుకుని లేస్తున్నాడు. కానీ కింద నేల కదులుతోంది!

కారు...

వెనక సీట్లు పీకేసిన కారు. నిండా గొర్రెలు. కాళ్లకు తాళ్లు, మూతులకు ప్లాస్టర్. వాటి మధ్య తను. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. నోట్లో గుడ్డ.

గొర్రెలు తనవే.

మెల్లగా గుర్తొస్తుంది. కుల్కచర్ల పక్క చేనులో చీకటి పడుతుండగా మందను దొడ్డిలోకి తోలాడు. సద్ది మూట విప్పబోయాడు. వెనక అడుగుల చప్పుడు... ఇద్దరు... ముసుగులు... కర్ర! అంతే.

మరి కత్తి?

కత్తి జేబులోనే ఉంది!

నవ్వొచ్చే సంగతే. గొర్రెల దొంగలు ఎక్కువయ్యారని పోయిన నెల వికారాబాద్ స్టేషన్ బయట కొన్నాడు. మడతకత్తి. "గిది జేబుల ఉంటే ఫికరే లేదు కాకా" అన్నాడు అమ్మినవాడు. ఆనాటి నుంచి అది నిక్కరు జేబులోంచి బయటికి రాలేదు. నిద్రలో కూడా తడిమి చూసుకునేవాడు.

దొంగ వచ్చినప్పుడు కత్తి బయటికి తీయాలి. మడత విప్పాలి. తర్వాత బెదిరించాలి. పాపం, దొంగ అంతసేపు ఆగలేదు!

మొగులప్ప నడుము మెలితిప్పుతాడు. వేళ్లు జేబు అంచు దాకా వెళ్తాయి. జారిపోతాయి. మళ్లీ... అందింది. బొటనవేలితో మడత విప్పుతాడు. తాడు మీద రుద్దుతాడు.

కారు గుంతలో పడుతుంది. కత్తి జారుతుంది. అరచేతిలో వెచ్చగా తడి.

కోసుకుంది. కానీ నొప్పి లేదు. చేతులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

ముందు సీటులో మాటలు వినిపిస్తాయి.

"ముసలోన్ని ఏం జేద్దాం?" డ్రైవర్ అడుగుతున్నాడు. ఎన్నడూ వినని గొంతు. "కాగ్నా ఏటి బ్రిడ్జి మీదికెళ్లి తోసేద్దామా?"

"జర ఆగు. ఆలోచన జెయ్యనీ."

మొగులప్ప చేతిలో కత్తి ఆగిపోతుంది.

రెండో గొంతు... చంద్రకాంత్!

తమ్ముడు. తల్లి పోయినప్పుడు ఆరేళ్ల పిల్లాడు. మొగులప్పే గొంగడిలో చుట్టి పక్కన పడుకోబెట్టుకుని పెంచాడు. పొద్దున ఒకే కంచం దగ్గర కూర్చుని తిన్నారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మొగులప్ప పట్టాడు. పట్టి ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

"మీ అన్న పోలీస్ స్టేషన్‌కు పోతే?"

"నన్ను సూడలే. ముసుగుండె గదా."

"గొంతు గుర్తుపడితే?"

"సోయి తప్పి పడ్డోడు ఏం గుర్తుపడతడు? మంద అమ్ముదామంటే ఇనడు. సచ్చేదాంక గొర్ల ఎంబడే తిరగాల్నంట! ఆయన తిరగని. నాతోని గాదు."

"మాట మార్చకు. ఆన్ని ఏం జేద్దాం?"

అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"నన్ను గుర్తుపట్టకపోతే తొవ్వల ఇడిసిపెడుదాం" అంటాడు చంద్రకాంత్. "గుర్తుపట్టిండనుకో... నువ్వన్నట్టే."

అంటే ఇప్పుడు మొగులప్ప ఒక్క ముక్క మాట్లాడితే బ్రిడ్జి. నోట్లో గుడ్డ ఉండటమే మేలయింది!

తాడు తెగుతుంది.

చేతులు ముందుకొస్తాయి. రక్తంతో జిగటగా ఉన్నాయి. గుడ్డ లాగేసి గాలి పీల్చుకుంటాడు. చప్పుడు చేయకుండా మోకాళ్ల మీద లేస్తాడు.

ఎదురుగా తమ్ముడి మెడ. చేయి చాపితే అందుతుంది.

ఎదురుగా వచ్చిన లారీ వెలుతురు ఆ మెడ మీద పడి పోతుంది. ముసుగు గడ్డం కిందికి దించుకున్నాడు. వెనక్కి చూడటం లేదు.

ఒక్క పోటు... కత్తి కొన్నది దీనికే కదా! ప్రాణం కాపాడుకోవడానికే కదా!

మొగులప్ప కోపం కోసం ఎదురుచూస్తాడు. రావడం లేదు. ఏడుపైనా రావాలి. అదీ లేదు. చేతుల్లాగే లోపల కూడా ఏదో మొద్దుబారింది.

కాలి దగ్గర ఏదో కొట్టుకుంటోంది. చూడి గొర్రె. పక్కకు పడేసి కట్టేశారు. మీద ఇంకో రెండు. కడుపు ఉబ్బి ఊపిరాడక ముక్కుతో ఎగపోస్తోంది.

ఇంకెవరైనా అయితే ముందు తలుపు గడియ చూసుకునేవాళ్లు. లేదా ఆ మెడ చూసేవాళ్లు.

మొగులప్ప చేయి గొర్రె కాళ్ల మీదికి పోతుంది. తాడు కోస్తాడు. మూతి ప్లాస్టర్ పీకుతాడు. పక్కదాని తాడు... దాని పక్కది... ఆలోచన లేదు. చేయి తన పని తాను చేసుకుపోతోంది.

చివరికి పొట్టేలు.

కట్లు తెగగానే అది లేస్తుంది. ముందు అద్దంలోంచి వెలుతురు కనిపిస్తుంది. దానికి దారి దొరికింది!

దూకుతుంది!

"అరే! అరే! ఏందిరా ఇది!"

పొట్టేలు డ్రైవర్ భుజం మీద. కాళ్లు స్టీరింగ్ మీద. దాని వెనకే ఇంకో గొర్రె... ఇంకోటి! మంద గుణమే అది. ఒకటి దూకితే అన్నీ దూకుతాయి.

బ్రేక్! టైర్ల అరుపు!

ధన్!

కారు కల్వర్టు గోడను గుద్ది ఆగుతుంది. వెనక డోర్ ఊడి తెరుచుకుంటుంది. గొర్రెలు రోడ్డు మీదికి కుప్పగా పడతాయి. డ్రైవర్ కంది చేనులోకి ఒకటే పరుగు.

మొగులప్ప దిగుతాడు. నుదురు పగిలింది. చొక్కా అంతా రక్తం. చేతిలో తెరిచిన కత్తి.

అవతల యాలాల్ ఊరి దీపాలు. అన్నాల వేళ. రోడ్డు పక్క హోటల్లోంచి, ఇళ్లలోంచి జనం ఉరికొస్తున్నారు. ఫోన్ల లైట్లు.

"గొర్ల దొంగలు!"

"పోయిన వారం మన మంద గూడ గిట్లనే కార్ల కొట్కపోయిండ్రు!"

"ఆని చేతుల కత్తి సూడుండ్రి!"

"దొంగను గాను..." మొగులప్ప ఖాళీ చేయి గొర్రెల వైపు చూపిస్తాడు. "గొర్లు నావి."

"కత్తి కింద పడెయ్!"

పడేస్తాడు.

ఒక ముసలమ్మ జనాన్ని తోసుకుని వస్తుంది. "ఆగు బుగ్గవ్వా, మీదికొస్తడు!" అంటున్నా ఆగదు. కత్తి తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తుంది.

"పుట్టినకాడికెళ్లి గొర్లు కాస్తున్న" అంటుంది బుగ్గమ్మ. "గిసొంటి కత్తి ఏ కాపరి కాడ సూడలే."

అప్పుడే ముందు డోర్ తెరుచుకుంటుంది. చంద్రకాంత్. ముసుగు ఎక్కడో పారేశాడు. దగ్గుతున్నాడు. ఒంటి మీద గీతైనా లేదు.

"ఇద్దర్ల దొంగెవడు?" ఎవరో కర్ర ఎత్తుతారు.

"ఆగుండ్రి!" బుగ్గమ్మ చేయి అడ్డం పెడుతుంది. "జీవాలకు ఎర్కే. పిలువుండ్రి. ఎవని కాడికి పోతే ఆనియి."

మొగులప్ప నాలుక మడిచి పిలుస్తాడు. "టుర్ర్ర్... టుర్ర్ర్..."

గొర్రెలు చెవులు నిక్కిస్తాయి. చూడి గొర్రె నాలుగడుగులు వేసి దగ్గరికి వస్తుంది. చేయి వాసన చూస్తుంది.

రక్తం!

ఉలిక్కిపడి వెనక్కి గంతేస్తుంది. దానితో పాటు మందంతా వెనక్కి.

చంద్రకాంత్ కూడా అదే పిలుపు పిలుస్తాడు. అన్న నేర్పిన పిలుపే. గొర్రెలు పోయి అతని కాళ్ల చుట్టూ చేరతాయి.

జనం గుసగుసలు. కర్రలు మొగులప్ప వైపు తిరుగుతాయి.

ఒక్క మాట అనాలి. వాడే దొంగ అంటే... ఈ జనం వాడిని బతకనివ్వరు.

"అవ్వా... వాడు నా తమ్ముడు" అంటాడు మొగులప్ప. "మంద ఇద్దరిది. ఉరికినోడే దొంగ. మా ఇద్దర్ని ఎత్తుకొస్తుండె."

అబద్ధం. పుట్టి బుద్ధెరిగాక ఇంత తేలిగ్గా ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

లైట్లన్నీ చంద్రకాంత్ ముఖం మీద పడతాయి.

వాడు అన్నను చూస్తాడు. అంతా అర్థమవుతుంది వాడికి. కారులో అన్న తన గొంతు విన్నాడు. తెలిసీ వెనక కత్తి పట్టుకుని కూర్చున్నాడు. తెలిసీ పొడవలేదు. వాడి కళ్లు ఒక్క క్షణం తడుస్తాయి.

ఊ అంటే చాలు. ఇద్దరూ ఇంటికి పోతారు.

"నిజమేనా కొడకా?" బుగ్గమ్మ అడుగుతుంది.

చంద్రకాంత్ చూపు తిప్పుకుంటాడు.

"లేదవ్వా. గీనె ఎవరో నాకు తెల్వది. నా మెడ మీద కత్తి పెట్టి కార్ల ఎక్కిచ్చిండు!"

కర్ర లేస్తుంది.

మొగులప్ప తమ్ముడినే చూస్తున్నాడు. చేయి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు.