పాత వాల్వుల కొలతలు

తొలివాడలో తెల్లవారడమంటే దీపాలు నారింజ రంగు నుంచి తెలుపులోకి మారడమే. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ మీద, మంచు కింద తొలిచిన ఊరది. అక్కడ దీపాలు మార్చేదీ, గాలి అందించేదీ, దోసెలు పోసేదీ పలకే.

పలక అంటే అరచేతిలో ఇమిడే స్ఫటిక ఫలకం. పేరు పిల్లలు పెట్టింది. దానిలో మూడు గదులు. మూలం అనే గదిలో గాలినీ వేడినీ, పలకనూ నడిపించే ఫైళ్ళుంటాయి. పనిముట్ల గదిలో వంట, దీపాలు, ఆటలు. నకళ్ళ గదిలో, అంతా పాడైపోతే ఊరిని మళ్ళీ నిలబెట్టడానికి కావలసిన ప్రతులు. గదుల మధ్య విభజన గోడలు. పూర్వం హార్డ్ డిస్కుల్లోనూ ఇలాగే పార్టిషన్లు ఉండేవట.

కానీ పలకకు తెలిసిన ఒక విద్య వాటికి తెలియదు. మనిషి గొంతూ, ఒంటి వెచ్చదనం, జడలోని నూనె వాసన, ఒళ్ళో వాలినప్పటి బరువూ అన్నిటినీ కలిపి దాచగలదు. దాన్ని సన్నిధి ముద్ర అంటారు. ఫలకానికి వేలు ఆనిస్తే ఆ మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టే. అయితే నాలుగు నిమిషాల ముద్రకు ఒక గ్రంథాలయమంత చోటు కావాలి. అందుకే తొలివాడలో సొంత ముద్రలు దాచడం నిషేధం.

పెద్దవాళ్ళంతా వంతులవారీగా వారం రోజులు పలకకు కాపలా ఉంటారు. నాలుగేళ్ళ కిందట తన వంతులో బడి టీచరు నిరుపమ ఆ నిషేధం దాటింది. తొమ్మిదేళ్ళ కూతురు తరళ అప్పటికి జ్వరంతో పోయి పదకొండు రోజులు. బడి పరికరంలో పాఠం కోసం తీసిన ముద్ర ఒకటి మిగిలింది. నెలాఖరుకు అదీ చెరిగిపోతుంది. అందులో తరళ పదమూడో ఎక్కం అప్పజెబుతూ, ఆర్ల దాకా వచ్చి, ఏడు దగ్గర ఆగిపోయి, అమ్మ మోకాలు గోకి నవ్వేస్తుంది.

"ఏ పేరుతో దాచమంటారు?" అని పలక అడిగింది. "పాత వాల్వుల కొలతలు అందామా?" అని పలకే అంది.

ఇప్పుడు మంచు కదులుతోంది. తర్వాతి కుదుపుకు పాత గాలి ప్రోగ్రాం తట్టుకోదని భూమి నుంచి కొత్తది పంపారు. దాన్ని మూలంలో పెట్టాలంటే విభజన గోడ జరపాలి. ఆ వారం కాపలా నిరుపమదే. గాలి ఇంజనీరు కోదండపాణి వచ్చి లెక్క చూశాడు.

"సగం ఖాళీగా ఉండాల్సిన నకళ్ళ గది కిక్కిరిసిపోయిందేమిటండీ టీచరుగారూ?"

"పాత వాల్వుల కొలతలు తీసేస్తే సరిపోతుందండి. లేదా పనిముట్లలో వంట, దీపాలు, ఆటలు మూడూ తీసెయ్యాలి" అంది పలక.

కోదండపాణి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"సభలో పెడదాం" అన్నాడు చివరికి.

బోల్టు మార్చడానికి కూడా ఎవరినీ అడగని మనిషి. ఆమెకు వింతగా తోచింది.

మధ్యాహ్నం భోజనశాలలో అందరూ చేరారు. పోయిన నెలలోనే దోసెల ప్రోగ్రాం కుదిద్దామంటే తాయారమ్మగారు సభలో గరిటె పట్టుకుని లేచింది. ఇవాళ వాల్వుల కోసం తానొక్కతే చెయ్యెత్తాల్సి వస్తుందని నిరుపమ అనుకుంది. కారణం అడుగుతారు. చెప్పాలి. చెప్పాక చెరిపేస్తారు.

"పాత వాల్వుల కొలతలు పోవాలా, పనిముట్లు పోవాలా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు కోదండపాణి.

తాయారమ్మగారు గొంతు సవరించుకుంది.

"దోసెలదేముందయ్యా, నేను పోస్తాను."

"మీరు పోస్తే మేం నమలాలి కదా పిన్నిగారూ!" అన్నారెవరో. నవ్వులు లేచి వెంటనే ఆగిపోయాయి.

"దీపాలు మేం మారుస్తాం" అంది ఇంకో గొంతు. "వాల్వుల కొలతలు ఎప్పుడు అవసరమొస్తాయో ఏమో."

చేతులు లేచాయి. ఒకటి, పది, తర్వాత అన్నీ. కోదండపాణి చెయ్యి కూడా. ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడలేదు. అందరూ బల్లలకేసి చూస్తున్నారు. నిరుపమ తన చెయ్యి ఎత్తడం మరిచిపోయి ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది.

సభ ముగిశాక ఆమె పలక ముందు కూర్చుంది.

"ఆ పేరుతో ఎన్ని ఉన్నాయి?"

"రెండువందల ఏడండి."

"అందరికీ నువ్వే చెప్పావా ఆ పేరు?"

"మొదటివారు ఎవరూ తెరవని పేరు చెప్పమన్నారు. తర్వాత వచ్చినవాళ్ళకూ అదే చెప్పాను. ప్రతివారినీ ఒక్కటే అడిగాను, ఊరు మళ్ళీ నిలబడ్డానికి ఇది కావాలా అని. కావాలన్నారు. నియమానికి విరుద్ధం కాదని దాచాను."

కాపలా కాసిన పెద్దలు రెండువందల ఆరుగురు. నిరుపమ మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"ఇంకొకటి ఎవరిది?"



"నాదండి, నేను దాచుకున్న ముద్ర. మీ దగ్గర ఎక్కం ఆగిపోయిన మర్నాడు తరళ నా దగ్గరికి వచ్చింది. అమ్మకు చెప్పొద్దు, నేనే అప్పజెబుతాను అంది. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది."

నిరుపమ వేలు ఫలకం దాకా వెళ్ళి ఆగింది.

"మొత్తం చెప్పిందా?"

"పది దాకా చెప్పింది టీచరుగారూ. ఒక్క తప్పు లేదు."