ఎవరూ రావద్దు అని రాయబోయి

శుక్రవారం మధ్యాహ్నం లెక్కల పీరియడ్ సగంలో ఉండగా ఇంగ్లిష్ చెప్పే కరుణాకర్ సారు ఏడో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చారు.

"రేపు టీచర్లందరికీ ట్రైనింగ్ ఉంది. బడి ఉండది. ఎవరూ రావద్దు. ఏంజెల్, ఇయ్యాల రానోళ్లకు తెలిసేటట్టు గ్రూపుల పెట్టు," అన్నారు.

ఏంజెల్ క్లాస్ లీడర్. ఇంటికి రాగానే అమ్మ ఫోన్ అందుకుంది. తెలుగులో రాస్తే ఒక్క నిమిషం పని. కానీ గ్రూపులో అందరి అమ్మానాన్నలూ ఉంటారు. ఇంగ్లిష్‌లో రాస్తే మెచ్చుకుంటారనిపించింది.

'ఎవరూ' అంటే నోబడీ. 'రావద్దు' అంటే షుడ్ నాట్ కమ్. రెండూ కలిపి, 'నోబడీ షుడ్ నాట్ కమ్ టు స్కూల్ టుమారో' అని పంపింది.

సోమవారం బాలలక్ష్మి బడికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. ఆమె శుక్రవారం రాలేదు.

"ఏమైందే?" అని అడిగింది ఏంజెల్.

"శనివారం బడికొచ్చిన. గేటుకు తాళముంది."

"రావద్దని పెట్టిన గదా!"

"నోబడీల ఒక వద్దు ఉంటది. మల్ల నాట్ అంటే తిరగబడ్తది. అందరూ రావాలె అన్నట్టు కాదా? ఇంగ్లిష్ పాఠంల సారు చెప్పిండు గదా..."

"నాకంటే నీకు ఎక్కువ తెలుసా? నువ్వే తప్పు సదివినవ్!"

వెనక బెంచీ వాళ్లు నవ్వారు. బాలలక్ష్మి తల దించుకుంది.

"కావచ్చు," అంది మెల్లగా. "శనివారమే మా బాపు మస్కట్ పోయిండు. బడికి జర పోయి రా బిడ్డా, పదింటి దాంక ఇంట్లనే ఉంట అన్నడు. గేటు కాడ అందరి కోసం సూసిన. ఎవరూ రాలే. ఆటో దొరకలే. నడిచి పోయేసరికి కారు ఎల్లిపోయింది. ఇగ రెండేండ్ల దాంక రాడు."

నవ్వులు ఆగిపోయాయి.

ఏంజెల్ గబగబా ఇంగ్లిష్ నోట్స్ తీసింది. ఆ పాఠం రోజు పేజీలో తేదీ ఉంది, చుట్టూ రంగు పెన్నులతో వేసిన పూలు ఉన్నాయి. కింద ఒక్క వాక్యం కూడా లేదు. సారు చెబుతున్నంతసేపూ తను ఆ పూలే వేసింది.

ఇంటర్వెల్‌లో సారు దగ్గరికి పోయి తను పంపిన మెసేజ్, బాలలక్ష్మి దాన్ని చదివిన తీరు చెప్పింది.

"నోబడీ షుడ్ కమ్ అంటే సాలు, ఎవరూ రావద్దని. నువ్వు నాట్ గూడ పెట్టినవ్. ఎవరూ రాకుండ ఉండద్దు అని అయింది," అన్నారు సారు. "బాలలక్ష్మి సరిగ్గనే సదివింది," అన్నారు.

ఆ రోజు ఏంజెల్ మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది. క్లాసు మొదలవగానే లేచి నిలబడింది. "బాలలక్ష్మి తప్పు సదవలే. నేనే తప్పు రాసిన," అంది.

బాలలక్ష్మి పుస్తకం పేజీ తిప్పింది, అంతే.

సాయంత్రం ఏంజెల్ బాలలక్ష్మితో పాటే ఆటో ఎక్కి వాళ్ల ఊరికి పోయింది. వాళ్లు ఇంట్లోకి వచ్చేసరికి బాలలక్ష్మి నాన్న రాజయ్య మస్కట్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. ఏంజెల్ ఫోన్ ముందుకు వచ్చింది. పొద్దుటి నుంచి మనసులో పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"కాకా, నేను ఏంజెల్‌ను. శనివారం బడి లేదన్న మెసేజ్ నేనే తప్పు పెట్టిన. నా వల్లనే బాలలక్ష్మి నిన్ను సూడలే."

రాజయ్య వెనక ఇనుప మంచాలు వరసగా కనిపిస్తున్నాయి.

"కారెక్కినంక గూడ తొవ్వ దిక్కే సూసిన బిడ్డా," అన్నాడు. "ఊరు దాటేదాంక సూసిన."

ఏంజెల్‌కు కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. సారీ అందామనుకుంది. ఆ మాట మరీ చిన్నగా అనిపించింది.

"ఏడ్వకు. ఇంత దూరం వచ్చి చెప్పినవ్ గదా," అన్నాడు రాజయ్య. "ఫోన్ నా బిడ్డకియ్యి."

ఏంజెల్ ఫోన్ ఇచ్చేసింది. వాళ్లిద్దరూ మాట్లాడుకునేటప్పుడు తను అక్కడ ఉండకూడదనిపించి, చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు కాకుండా వాకిట్లోకి దిగింది.

"బాపూ, తిన్నవా?" అని లోపల బాలలక్ష్మి అడుగుతోంది.