మూడో గేరు పడని సాయంత్రం

తొంభై రెండులో నేను ఉదయగిరిలో రామనారాయణ గారి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఆ ఏడు ఆయన మద్రాసు నుంచి ఒక పాత ఫియట్ కొనుక్కొచ్చారు. రేసుల్లో పరిగెత్తిన బండి అని మాత్రం చెప్పారు. ఎవరు నడిపారో, ఎందుకు అమ్మేశారో ఆయనకీ తెలియదు.

దాని గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది. కూర్చున్న చోటి నుంచి కదలకుండా వేళ్ళతోనే గేరు మార్చుకోవచ్చు. నాకు డ్రైవింగ్ నేర్పిన కొండలయ్య మామ బస్సు డ్రైవరు. "చెవితో నడపరా దయాసాగరూ! ఇంజిను కేక పెట్టకముందే పై గేరు. మూలగకముందే కింది గేరు" అనేవాడు. ఈ బండినీ అలాగే మెత్తగా నడిపేవాణ్ణి. దానికి ఆ మెత్తదనం నచ్చేది కాదేమో. నేను గేరు మార్చినప్పుడల్లా సన్నగా వణికేది.

నవంబరులో ఒక సాయంత్రం, జోరువానలో, నా భార్య సుకుమారికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మంది నర్సమ్మ. రామనారాయణ గారు మారుమాట లేకుండా తాళాలు ఇచ్చారు. వెనక సీట్లో సుకుమారి పడుకుంది. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మా అత్త లిదియమ్మ కూర్చుంది. నా పక్క సీటు ఖాళీ.

ఆరు కూడా కాలేదు. అప్పటికే ఉదయగిరి కొండ మబ్బులో కలిసిపోయింది. వైపరు గీసినప్పుడల్లా రోడ్డు పక్క తుమ్మచెట్లు ఒక్క క్షణం కనబడి మళ్ళీ కరిగిపోతున్నాయి. కారు నిండా తడిసిన చీరల వాసన, నీలగిరి తైలం వాసన. వాటి అడుగున ఇంకేదో... కాలిన రబ్బరు లాంటిది.

ఊరు దాటాక రెండో గేరు నుంచి మూడో గేరుకి తోశాను.

రాడ్డు కదల్లేదు.

మళ్ళీ తోశాను. నా వేళ్ళ మీద ఏదో చల్లగా ఆనింది. వాన చినుకేమో అనుకున్నాను. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. ఆ చల్లదనం నా వేళ్ళని నొక్కి పట్టుకుంది... ఆగు అన్నట్టు.

ఇంజిను కేక పెట్టింది. ఆ కేక చెవులు చిల్లులు పడేంత పెరిగింది. ఇక పగిలిపోతుంది అనుకున్న క్షణంలో నా కాలు దానంతటదే క్లచ్ తొక్కింది. రాడ్డు దానంతటదే మూడులోకి జారింది. బండి ముందుకు దూకింది.

"ఏంది అబ్బయ్యా ఆ తోలడం?" అంది అత్త.

"నేను కాదత్తా..." అన్నాను, రాడ్డు వైపే చూస్తూ.

నాలుగో గేరూ అంతే. ఇంజిను అరిచి అరిచి, చివరి అంచున ఉన్నప్పుడే పడింది. ఆ అంచు బాగా తెలిసినవాడెవరో మారుస్తున్నట్టు. వెనక సుకుమారి పళ్ళు బిగించి మూలుగుతోంది. నిజం చెప్తున్నాను, అప్పుడు నేను బ్రేకు మీద కాలు పెట్టలేదు. తొందరగా చేరితే చాలనుకున్నాను. "పోనీ" అన్నాను మెల్లగా.

కల్వర్టు దగ్గర మలుపు వచ్చింది. ఆ వేగంలో కింది గేరు పడాలి. లాగాను. రాలేదు. బ్రేకు తొక్కితే తడి రోడ్డు మీద చక్రాలు జారాయి. ఎదురుగా కల్వర్టు గోడ, దాని కింద ఎర్రటి నీళ్ళు.

"వదలయ్యా... నా బిడ్డ ఉండాదిరా బండిలో!" అని ఖాళీ సీటు వైపు తిరిగి అరిచాను.

రాడ్డు బిగుసుకునే ఉంది. గోడ దగ్గరకొచ్చేసింది. అత్త "ప్రభువా" అంది. వెనక నుంచి సుకుమారి గొంతు ఏదో ఒక్క మాట అంది.

టక్. గేరు పడింది. బండి గోడను రాసుకుంటూ మలుపు తిరిగింది.

ఆ తర్వాత ఆత్మకూరు దాకా గేర్లన్నీ నేనే మార్చాను. రాడ్డు మామూలుగా కదిలింది. నా వేళ్ళ మీద ఏ చల్లదనమూ లేదు.

ఆ రాత్రే పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. తెల్లవారి నేను మంచం దగ్గర కూర్చుంటే సుకుమారి అడిగింది.

"నీ పక్కన కూర్చున్నాయన యాడికి పోయినాడు?"

"ఎవురు? ఎవురూ లేరే."

"వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకున్నాడయ్యా. ఆ మలుపు కాడ ఒక మాట అడిగినాడు. నేను సరే అన్నాను. అప్పుడు వదిలినాడు."

"ఏం అడిగినాడు?"

సుకుమారి పాపని గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడే కారు తాళాలు రామనారాయణ గారికి ఇచ్చేసి పని మానేశాను. పాపకి జెస్సికా అని పేరు పెట్టాం. ఎన్నిసార్లు అడిగినా, పోట్లాడినా, బతిమాలినా సుకుమారి ఆ మాట చెప్పలేదు; "ఏడేళ్ళు నిండేదాకా మనదే" అని మాత్రం అనేది. పాపకి వచ్చే మంగళవారానికి ఏడేళ్ళు నిండుతాయి.

నాలుగు రోజులుగా సుకుమారి పాపని బడికి పంపడం లేదు. పాపతో గదిలో ఉండి లోపల గడియ పెట్టుకుని, నన్ను కూడా రానివ్వడం లేదు.