శిలాపుష్ప పటంలో మూడవ హస్తం

రాతికి మౌనాన్నీ పూవుకు పలుకునూ ప్రసాదించిన వాగ్దేవికి అంజలి ఘటించి, 2071వ సంవత్సరంలో చైనాలోని సూచౌ నగరాన షెన్ యీలాన్ అనే శాస్త్రజ్ఞురాలు తీర్చుకున్న పగ కథను విన్నవిస్తున్నాను.

చిత్రశాల నడుమ ఆమె నిర్మించిన హస్తదర్శిని అప్పటికే పటాన్ని చదువుతోంది. సిరా పొరల్లోకి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు పంపి, కుంచె ఎంత ఒత్తిడితో ఆనిందో, ఏ వేగంతో సాగిందో గణించి, తనకిచ్చిన నమూనాలతో పోల్చి, గీత ఎవరి చేతిదో చెప్పడం ఆ యంత్రం పని. పటంలో సరస్సు నీరు తొలిచిన శిల, దాని చెంత విచ్చిన పియోనీ పూలు, మూలన సంతకంగా ఆచార్య కావ్ వెన్‌లూ ఎర్రని ముద్ర. పదకొండేళ్ళ కిందట "ఆ బొమ్మ నాది" అంటూనే యీలాన్ తండ్రి షెన్ బావొషీ కన్నుమూశాడు.

చక్రాల కుర్చీలోని వృద్ధుడు కావ్ చేతులు జోడించాడు. "అమ్మాయీ, నా పేరు నేనే తీసేస్తాను. యంత్రాన్ని ఆపు."

"ముప్ఫై ఏళ్ళు మోసిన పేరు ఇప్పుడు బరువైందా మాస్టారూ? కాసేపు కూర్చోండి. ఓ, కూర్చునే ఉన్నారుగా!"

తెర వెలిగింది. శిల: షెన్ బావొషీ.

జనం ఛీ కొట్టారు. పరుల చిత్రంపై ముద్ర వేసినవాడి పటాలన్నీ తక్షణం గోడ దిగాలన్నది యీలాన్ పట్టుబట్టి చేయించిన నిబంధన. కావ్ పటాలు ఒక్కొక్కటే దిగుతుంటే కళ్ళారా చూసి, ఆమె యంత్రాన్ని ఆపబోయింది.

"రాయిని చూశావు. పూలనూ చూడు తల్లీ," అంది ముందు వరుసలోని ఆమె తల్లి మెయ్ రువొలాన్. జన్మంతా భర్తకు సిరా నూరిపెట్టిన మనిషి.

పూలు: మెయ్ రువొలాన్.

"అమ్మ గీతలు యంత్రానికి ఎక్కడివి?" యీలాన్ నిర్ఘాంతపోయింది.

"నాన్న కాగితాలు అడిగావుగా. ఆ కట్టలో నేను కుంచెతో గీసుకున్న కుట్టుపని నమూనాలు, నా పేరు రాసి మరీ పెట్టాను."

కావ్ పకపకా నవ్వాడు. "నేను దొంగసొత్తే దొంగిలించాను. అందుకే మీ నాన్న నలుగురిలో నోరు మెదపలేదు!"

"శిల ఒకరు, పూలు ఒకరు వేస్తే ఇద్దరి ముద్రలూ పడటం మన మర్యాద," అంది తల్లి. "మీ నాన్న నా ముద్రను బావిలో పారేశాడు."

"ఇంతకాలం చెప్పలేదేమమ్మా?"

"పదకొండేళ్ళు ఆయన పగ మోశావు. నన్నొక్క పూటైనా అడిగావా?"

పక్క గదిలో షెన్ బావొషీ పటాలు పద్దెనిమిది. యంత్రం అన్నింటినీ చదివింది. ప్రతి పూవూ ఆమెది, ప్రతి ముద్రా అతనిది.

నిచ్చెన మీది ఉద్యోగి తటపటాయించాడు. "డాక్టర్ గారూ, మీ నాన్నగారివి కూడానా?"

తల్లి లేచి నిలబడింది.

"దించు నాయనా. మెల్లగా దించు. పూలు నావి."

ఈ కథ ఆలకించిన వారందరి చేతిపనికీ వారి పేరే తోడై, చిరకాలం వర్ధిల్లుగాక!