మేకు కింద లేని గాజు

పోలీసు జీపు తలుపు పట్టుకుని మార్త వదలడం లేదు.

"మా ఆయన్ని ఎందుకు తీసుకెళ్తున్నారు సార్? పెద్దాయన పోయాడని పొద్దుటి నుంచీ ఏడుస్తున్న మనిషండీ!"

లోపల టీకొట్టు యేసుబాబు తల వంచుకుని కూర్చున్నాడు. ఎదురుగా వెంకటప్పయ్య బట్టల కొట్టు ఇంకా పొగ కక్కుతోంది. రాత్రి ఎవరో దానికి నిప్పు పెట్టారు. అటక మీద నిద్రపోతున్న వెంకటప్పయ్య పొగకి అక్కడే పోయాడు. పక్క కాలవలో దొరికిన పెట్రోలు డబ్బా యేసుబాబుది. పైగా నిన్న సాయంత్రం ఇద్దరూ పోట్లాడుకోవడం బజారంతా విన్నది. ఎస్సై సంజీవరావుకి అంతకంటే ఏం కావాలి?

"అత్తా, వదులు. మేడమ్ వచ్చారు," అన్నాడు డేనియల్, మార్తకి మేనల్లుడు. విజయవాడ బెంజ్ సర్కిల్లో డిటెక్టివ్ ఉషశ్రీ దగ్గర అసిస్టెంటు. ఆమె తేల్చలేని కేసు ఉండదని అతని నమ్మకం.

"నిన్న గొడవ దేనికమ్మా?" అడిగింది ఉషశ్రీ.

"అటక మీద పడుకోవద్దనండీ! భార్య పోయిన కాడి నుంచీ ఆయనకి ఇంట్లో నిద్ర పట్టట్లేదు. షట్టరుకి తాళమేసి, వెనక తలుపులోంచి దూరి పైన పడుకునేవాడు. చెవి మిషను తీస్తే పిడుగు పడ్డా వినపడదు. 'ముసలాడా, ఏదో రోజు లోపలే పోతావ్' అని మా ఆయన కేకలేశాడు."

"ఆయన అక్కడ పడుకుంటాడని ఎవరెవరికి తెలుసు?"

"బజారంతా తెలుసు. పాలవాడికి కూడా."

"ఆ పెట్రోలు డబ్బా?"

"మోపెడ్ కోసం అరుగు కిందే ఉంటదండీ. అందరికీ కనపడతానే ఉంటది."

హైవే మీద మాల్స్ వచ్చాక కంకిపాడు పాత బజారుకి గిరాకీ చచ్చిపోయింది. దాన్ని మళ్లీ బతికించడానికి వెంకటప్పయ్య కూతురు అక్షయ, విజయవాడలో ఆర్కిటెక్టు, ప్లాను గీసింది. కొట్లన్నిటికీ ఒకే పందిరి, కింద రాళ్లబాట, వరసగా దీపాలు. అందరూ సరేనన్నారు. తన కొట్టు అరుగు పగలగొట్టనివ్వనని తండ్రి ఒక్కడే భీష్మించాడు. ఆ అరుగు మీదే యేసుబాబు టీకొట్టు. పని అక్కడే ఆగిపోయింది.

"అంటే యేసుబాబు పొట్ట కాపాడుతున్నది వెంకటప్పయ్యగారే," గొణిగింది ఉషశ్రీ.

కొట్టు లోపల గోడకి మూడు మేకులు. రెండిటి కింద పగిలిన పటాల గాజు. మధ్య మేకు కింద బట్టల బూడిద తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ ఆయన భార్య మాణిక్యమ్మగారి ఫోటో ఉండేదండీ," అంది మార్త. "దానికి దణ్ణం పెట్టకుండా బోణీ చేసేవాడు కాదు. నిన్న కూడా పెట్టాడు."

ఉషశ్రీ షట్టరు తాళం చూసింది. పగల్లేదు.

అరుగు మీద అక్షయ శిలలా కూర్చుని ఉంది. పక్కన వర్తకసంఘం ప్రెసిడెంటు జాన్‌బాబు.

"మీకెప్పుడు తెలిసిందమ్మా?"

"తెల్లారి ఈయనే ఫోన్ చేశారు, కొట్టు తగలబడిందని. ముందు నాన్నకి చెప్దామని ఇంటికెళ్లాను. తలుపు కొట్టి కొట్టి..." ఆమె చేతిలోని కారు తాళాలు బిగించి పట్టుకుంది. డేనియల్ చూడలేక తల తిప్పుకున్నాడు.

ఉషశ్రీ మాత్రం చాలాసేపు ఆమెనే చూసింది. తర్వాత యేసుబాబుని దింపించి, అందరినీ అరుగు దగ్గరికి పిలిచింది.

"తాళంచెవి ఉన్నవాళ్లే షట్టరు తీశారు. ఫోటో భద్రంగా దించారు. పెట్రోలు పోసి, నిప్పంటించి, మళ్లీ తాళం వేసి వెళ్లారు. కొట్టు కాలిపోతే ఆయన అరుగు పంతమూ పోవాలి, మాణిక్యమ్మగారికి మాత్రం మసి అంటకూడదు. పగవాడైతే ఫోటో గురించి ఆలోచించడు. అటక సంగతి తెలిసినవాడైతే చంపడానికే అంటించాలి. కానీ ఇది చంపాలని చేసిన పని కాదు. లోపల మనిషి ఉన్నాడని కలలో కూడా అనుకోలేదు."

"బజారులో అది తెలియనివాడెవడండీ?" అన్నాడు జాన్‌బాబు.

"పొద్దున మంటలు చూసి మీరంతా అటక వైపు పరిగెత్తారు. ఒక్కరు మాత్రం ఆయన కోసం ఇంటికెళ్లారు."

మార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకు చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు తల్లీ! నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా 'ఇంట్లోనే ఉన్నానమ్మా' అనేవాడు. నువ్వు బెంగెట్టుకుంటావని..."

అక్షయ చేతిలోంచి కారు తాళాలు జారి రాళ్ల మీద పడ్డాయి. "అమ్మ కార్లో ఉంది," అంది అక్షయ, ఎవరితోనో తెలియకుండా. "కొత్త కొట్లో నాన్న చేతే పెట్టిద్దామని..."

యేసుబాబు బావురుమన్నాడు. సంజీవరావు టోపీ తీశాడు.

"నేను రాసుకోవాలి మేడమ్. పేరు మీరే చెప్పండి."

ఏ కేసులోనూ తడబడని ఆమె గొంతు వణకడం డేనియల్ మొదటిసారి విన్నాడు.

"వెంకటప్పయ్యగారి కూతురు," అంది ఉషశ్రీ. "అక్షయ."